సూదంటురాయి, తీగచుట్ట, శ్రీశైలం

శ్రీశైలం పేరు చెప్పగానే మన తరం వారికి ముందు మల్లన్న, భ్రమరాంబ తలపుకు వస్తారు. ఆ తరువాత డ్యాము. ఆత్మకూరు నుంచి నాగలూటి, పెద్దచెరువు మీదుగా అడవిలో కాలినడకన శివరాత్రికి వెళ్ళివచ్చిన పెద్దల మాటలు వింటూ పెరిగినవాళ్ళం మనం. అదే కొండల్లో ఏడు యంత్రాలు తిరిగి రాష్ట్రమంతటికీ దీపాలు వెలిగించడం కూడా కళ్ళారా చూశాము. ఈ ప్రత్యేక సంచికకు శ్రీశైలం గురించి ఏదైనా చరిత్ర వ్రాయమని సంఘం పెద్దలు అడిగారు. క్షేత్ర చరిత్ర వ్రాయగల పండితులు చాలామంది ఉన్నారు. నేను సైన్సు మాస్టారును. 1980లలో కొన్నేళ్ళు సున్నిపెంట ప్రాజెక్టు కాలనీలో పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పాను. కనుక నాకు తెలిసిన చరిత్ర వ్రాస్తాను. అది ఒక అయస్కాంతం, ఒక రాగితీగ చుట్ట, ఒక గాల్వనోమీటరు చరిత్ర. ఆ మూడూ లేకపోతే శ్రీశైలంలో ఆనకట్ట కట్టినా అది పెద్ద చెరువే అయ్యేది గాని విద్యుత్ కేంద్రం అయ్యేది కాదు.

పదేళ్ళు దొరకని జవాబు

అయస్కాంతాన్ని మన తెలుగువాళ్ళు సూదంటురాయి అన్నారు. సూదిని అంటుకొనే రాయి. ఇంతకంటె తేటైన పేరు మరొకటి లేదు. ఈ రాయికీ కరెంటుకూ చుట్టరికం ఉందని 1820లో డెన్మార్కు దేశస్థుడు ఆయిర్‌స్టెడ్ కనిపెట్టాడు. తీగలో కరెంటు పారుతుంటే పక్కనున్న దిక్సూచి ముల్లు పక్కకు తిరిగింది. అంటే కరెంటు నుంచి అయస్కాంతత్వం పుడుతుంది. మరి అయస్కాంతం నుంచి కరెంటు ఎందుకు పుట్టకూడదు? ఆనాటి శాస్త్రజ్ఞులందరికీ ఈ ప్రశ్న తట్టింది. జవాబు దొరకడానికి మాత్రం పదకొండేళ్ళు పట్టింది.

ఎందుకంత ఆలస్యమయింది? అందరూ తీగ పక్కన అయస్కాంతాన్ని కదలకుండా పెట్టి, కరెంటు నిలకడగా వస్తుందేమోనని చూశారు. స్విట్జర్లాండులో కొలాడన్ అనే ఆయన కథ ఈ సందర్భంలో చెప్పుకోదగ్గది. 1825లో ఆయన మంచి గాల్వనోమీటరు ఒకటి తయారు చేసుకొని, అయస్కాంతం దాని ముల్లును నేరుగా లాగకుండా ఉండాలని దాన్ని పక్కగదిలో పెట్టాడు. అతి జాగ్రత్త. ఈ గదిలో తీగచుట్టలోకి అయస్కాంతం దూర్చి, నడుచుకుంటూ ఆ గదిలోకి వెళ్ళి చూసేవాడు. ఆయన వెళ్ళేసరికి ముల్లు కదిలి, మళ్ళీ సున్నా దగ్గరకు వచ్చేసి ఉండేది. పక్కగదిలో చూసి చెప్పే మనిషి ఒకడు ఉండి ఉంటే ఈ రోజు పాఠ్యపుస్తకాల్లో మరో పేరు ఉండేదేమో.

ఆ పేరు మైకేల్ ఫారడేకు దక్కింది. ఆయన 1791లో లండను దగ్గర ఒక కమ్మరి ఇంట పుట్టాడు. పెద్ద చదువు లేదు. పద్నాలుగో ఏట బైండింగు షాపులో పనికి కుదిరి, బైండింగుకు వచ్చిన పుస్తకాలే చదివి సైన్సు నేర్చుకున్నాడు. 1812లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విని, నోట్సు వ్రాసి, బైండు చేసి ఆయనకే పంపాడు. 1813లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సహాయకుడుగా చేరి, తన పనికాలమంతా అక్కడే గడిపాడు. మనలాగా ఒకే సంస్థలో చేరి, అక్కడే పదవీ విరమణ దాకా పనిచేసిన ఉద్యోగి అనుకోవచ్చు.

1831 ఆగస్టు 29న ఆయన ఆరంగుళాల ఇనుప కడియానికి ఒకవైపు ఒక తీగచుట్ట, రెండోవైపు మరో తీగచుట్ట చుట్టాడు. ఈనాటిలాగా పూత వేసిన తీగ ఆయనకు లేదు. చుట్టుకూ చుట్టుకూ మధ్య దారం, వరుసకూ వరుసకూ మధ్య గుడ్డ పెట్టుకున్నాడు. మొదటి చుట్టకు బ్యాటరీ కలిపాడు. రెండో చుట్ట తీగను దూరంగా ఉన్న దిక్సూచి మీదుగా తీసుకుపోయాడు. బ్యాటరీ కలిపిన క్షణంలో ముల్లు అదిరింది, మళ్ళీ యథాస్థానానికి వచ్చింది. కరెంటు పారుతున్నంతసేపూ ఏమీ లేదు. బ్యాటరీ తీసిన క్షణంలో మళ్ళీ అదిరింది. పదేళ్ళుగా దొరకని రహస్యం ఇదే. అయస్కాంతత్వం ఉంటే చాలదు, అది మారుతూ ఉండాలి.

అక్టోబరు 17న మరీ సులువైన ప్రయోగం చేశాడు. కాగితంతో చేసిన బోలు గొట్టం మీద రాగితీగ చుట్టి, ఎనిమిదిన్నర అంగుళాల అయస్కాంతపు కడ్డీని అందులోకి చటుక్కున దూర్చాడు. ముల్లు కదిలింది. బయటికి లాగాడు. ముల్లు రెండోవైపుకు కదిలింది. అక్టోబరు 28న పెద్ద అయస్కాంతపు ధ్రువాల మధ్య రాగి పళ్ళెం తిప్పి ఎడతెగని కరెంటు రాబట్టాడు. లోకంలో మొదటి జనరేటరు అదే. నవంబరు 24న ఈ సంగతులన్నీ రాయల్ సొసైటీలో చదివారు. అమెరికాలో జోసెఫ్ హెన్రీ కూడా దాదాపు అదే కాలంలో స్వతంత్రంగా ఇది కనుగొన్నాడు గాని, ముందుగా ప్రకటించింది ఫారడే.

తరగతి గదిలో

ఈ చరిత్రలో నాకు నచ్చే సంగతి ఒకటుంది. ఫారడే వాడిన సామాను ఏ పల్లెటూరి బడిలోనైనా సమకూరుతుంది. కాగితపు గొట్టం, రాగితీగ, అయస్కాంతం. మాకు ఉన్నది ఒక గాల్వనోమీటరు, రెండు దండాయస్కాంతాలు. తీగ మోటారు వైండింగు షాపులో అడిగితే ఇచ్చేవారు. కాలిపోయిన బోరు మోటార్ల నుంచి విప్పిన తీగ కాకుండా, చుట్టగా మిగిలిపోయిన కొత్త తీగ అడిగి తెచ్చుకోవాలి. కాలిన తీగకు పూత ఊడిపోయి చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. అట్ట గొట్టం మీద మూడు వందల చుట్లు చుట్టి, రెండు కొసల పూతను బ్లేడుతో గీకి గాల్వనోమీటరుకు కలిపితే పరికరం సిద్ధం.

పాఠం చెప్పే పద్ధతిలో ఒక క్రమం ఉంది. కొత్తగా చెప్పే ఉపాధ్యాయులకు, ఇంట్లో మనుమలకు చూపించదలచిన మన సభ్యులకు పనికివస్తుందని వ్రాస్తున్నాను.

మొదట, తీగ కొస ఒకటి ఊడదీసి అయస్కాంతాన్ని చుట్టలోకి దూర్చాలి. ముల్లు కదలదు. ఇది ముందుగా చూపకపోతే, అయస్కాంతమే ముల్లును దూరం నుంచి లాగుతున్నదని పిల్లలు అనుకుంటారు. అది సమంజసమైన అనుమానమే. కొలాడన్‌కు వచ్చిందీ అదే. అందుకే గాల్వనోమీటరును రెండు మూరల దూరంలో పెట్టాలి, పక్కగదిలో కాదు. తరువాత తీగ కలిపి అయస్కాంతం దూర్చాలి. ముల్లు ఒకవైపుకు పోతుంది. లోపలే ఆపి ఉంచాలి. ముల్లు సున్నాకు వస్తుంది. ఇక్కడ కాసేపు ఆగి తరగతిని ప్రశ్న అడగాలి. అయస్కాంతం లోపలే ఉంది గదా, కరెంటు ఏమయింది? పాఠమంతా ఆ ప్రశ్నలోనే ఉంది. తరువాత బయటికి లాగితే ముల్లు రెండోవైపుకు పోతుంది. ధ్రువం తిరగేస్తే దిక్కులు తారుమారు. మెల్లగా దూర్చితే ముల్లు కొంచెమే కదులుతుంది. వేగంగా దూర్చితే ఎక్కువ కదులుతుంది. చుట్లు రెట్టింపు చేస్తే ఇంకా ఎక్కువ. అయస్కాంతాన్ని కదలకుండా పట్టుకొని తీగచుట్టనే కదిపినా కరెంటు వస్తుంది. రెండింటినీ ఒకే చేతిలో పట్టుకొని కలిపి కదిపితే రాదు. ఒకదానికొకటి సాపేక్షంగా కదలాలన్నమాట.

గాల్వనోమీటరు లేని బళ్ళలో అగ్గిపెట్టె ట్రేలో చిన్న దిక్సూచి పెట్టి, దాని మీద యాభై చుట్లు తీగ చుడితే అదే పని చేస్తుంది. దండాయస్కాంతాలను మాత్రం జతగా, ఉత్తర ధ్రువం పక్కన దక్షిణ ధ్రువం వచ్చేలా, కొసలకు ఇనుప ముక్కలు ఆనించి దాచాలి. బీరువాలో ఎలా పడితే అలా పడేస్తే నాలుగేళ్ళకు అవి సూదిని కూడా అంటవు.

సైకిలు ఎందుకు బరువెక్కుతుంది

మన వయసు వారికి విద్యుదయస్కాంత ప్రేరణ మరో రూపంలో పరిచయమే. సైకిలు డైనమో. 6 వోల్టులు, 3 వాట్లు. వెనకచక్రానికి ఆనించి తొక్కితే ముందు దీపం వెలుగుతుంది. డైనమో ఆనించగానే సైకిలు బరువెక్కేది, జ్ఞాపకం ఉందా? అందులో కొంత రాపిడి వల్ల. కాని బల్బు తీగ ఊడిపోయి దీపం ఆరిపోతే, డైనమో చక్రానికి ఆనుకొని తిరుగుతున్నా తొక్కడం కొంచెం తేలికయ్యేది. శ్రద్ధగా గమనించినవారికి ఇది తెలుసు. దీపం వెలిగితే భారం, ఆరితే తేలిక. ఎందుకు?

దీనికి జవాబు 1834లో రష్యాలో పనిచేసిన లెంజ్ చెప్పాడు. ప్రేరణ వల్ల పుట్టిన కరెంటు, తనను పుట్టించిన కదలికనే అడ్డుకుంటుంది. అయస్కాంతం చుట్టలోకి వస్తుంటే చుట్ట దాన్ని వెనక్కు నెడుతుంది. బయటికి పోతుంటే లోపలికి లాగుతుంది. ఈ అడ్డు మీద గెలవడానికి మనం చేసే శ్రమే కరెంటుగా మారుతుంది. ఊరికే ఏదీ రాదు. సైకిలు మీద ఆ శ్రమ మన కాళ్ళది. శ్రీశైలంలో కృష్ణమ్మది.

కృష్ణమ్మకు కళ్ళెం

ఫారడే ప్రయోగానికీ మన కొండలకూ మధ్య చాలా కాలం నడిచింది. 1832లోనే పారిస్‌లో పిక్సీ అనే ఆయన చేతితో తిప్పే జనరేటరు చేశాడు. మన దేశంలో జలవిద్యుత్తు 1897లో డార్జిలింగు దగ్గర సిద్రాపాంగులో మొదలయింది. 1902లో కావేరి మీద శివసముద్రం నుంచి కోలారు బంగారు గనులకు కరెంటు వెళ్ళింది. ఆంధ్రదేశానికి వస్తే, ఒడిషాతో ఉమ్మడిగా కట్టిన మాచ్‌ఖండ్ 1955లో మొదలయింది. తరువాత తుంగభద్ర, సీలేరు, నాగార్జునసాగర్.

శ్రీశైలాన్ని 1960లో ప్రధానంగా విద్యుత్ ప్రాజెక్టుగానే తలపెట్టారు. 1963 జులై 24న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. రెండు కొండల నడుమ లోతైన లోయలో 512 మీటర్ల పొడవున, 145 మీటర్ల ఎత్తున ఆనకట్ట లేవడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. పన్నెండు గేట్లు. నిండు మట్టం 885 అడుగులు. కుడిగట్టు కేంద్రంలో ఒక్కొక్కటి 110 మెగావాట్ల యంత్రాలు ఏడు, మొత్తం 770 మెగావాట్లు. మొదటిది 1982లో, ఏడవది 1987లో తిరిగాయి. జలాశయానికి నీలం సంజీవరెడ్డి గారి పేరు పెట్టారు.

ఎడమగట్టున కొండ కడుపులో తొలిచి కట్టిన భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్ల యంత్రాలు ఆరు ఉన్నాయి. అవి 2001 నుంచి 2003 వరకు ఒకటొకటిగా మొదలయ్యాయి. వాటిలో ఒక విశేషం ఉంది. కిందికి నీళ్ళు దిగుతుంటే జనరేటర్లుగా తిరుగుతాయి. కరెంటు మిగులుగా ఉన్న వేళ మోటార్లుగా తిరిగి దిగువ నీటిని తిరిగి పైకి తోడగలవు. తీగలో కరెంటు పంపి అయస్కాంతం చుట్టూ తిప్పడం ఫారడే 1821లో చేసిన ప్రయోగం. అయస్కాంతం కదిపి కరెంటు తీయడం 1831లో చేసినది. పదేళ్ళ ఎడంతో చేసిన రెండు ప్రయోగాలు ఇక్కడ ఒకే యంత్రంలో ఇమిడిపోయాయి.

యంత్రం ఎంత పెద్దదైనా కిటుకు అట్ట గొట్టంలోదే. బడిలో అయస్కాంతాన్ని చేతితో ముందుకూ వెనక్కూ ఆడిస్తాము. అక్కడ నిలువు ఇరుసు మీద విద్యుదయస్కాంతాలు గుండ్రంగా తిరుగుతుంటే, చుట్టూ కదలకుండా ఉన్న రాగి చుట్టల్లో కరెంటు పుడుతుంది. ఒక జత ధ్రువాలు దాటినప్పుడల్లా ముల్లు ఒకసారి ఇటు, ఒకసారి అటు పోయినట్లు కరెంటు దిక్కు మారుతుంది. సెకనుకు 50 ఆవృత్తులు రావాలి గనుక, ఇరవై జతల ధ్రువాలున్న యంత్రమయితే నిమిషానికి 150 సార్లు తిరిగితే చాలు. ఆ పుట్టిన కరెంటు దూరం పోవడానికి వోల్టేజి పెంచాలి, ఊరికి వచ్చాక తగ్గించాలి. ఆ పని చేసే ట్రాన్స్‌ఫార్మరు మరేమిటో కాదు, 1831 ఆగస్టు నాటి ఇనుప కడియమే. ఫారడే బ్యాటరీని కలిపి, తీసి మార్పు తెచ్చాడు. మన కరెంటు తనంతట తానే సెకనుకు నూరుసార్లు దిక్కు మార్చుకుంటుంది గనుక కడియం ఎడతెగకుండా పనిచేస్తుంది.

ఊరి పొలిమేరలో స్తంభం మీద గుమ్మని మోగుతుండేది అదే. అది కాలిపోతే చేను ఎండిపోతుందని ఎదురుచూసిన రైతుకు దాని విలువ మనం చెప్పనక్కరలేదు.

సారం తీసిన నీళ్ళు

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ పాఠం చెప్పిన ఒక రోజున, ముంపు ఊరి నుంచి వచ్చిన కుటుంబంలోని ఒక పిల్లవాడు లేచి అడిగాడు. “సార్, కరెంటు తీసేసుకున్న నీళ్ళల్లో సారం ఉంటదా? ఉండదంటాడు మా తాత. ఆ నీళ్ళు పైరుకు పెడితే ఎదగదంట.”

తరగతి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ మాట ఆ రోజుల్లో పల్లెల్లో చాలాచోట్ల వినబడేది. పాలు చిలికి వెన్న తీస్తే మజ్జిగ మిగులుతుంది గదా, నీళ్ళను చిలికి కరెంటు తీస్తే ఏమి మిగులుతుందని వాళ్ళ లెక్క. ఆ లెక్కలో తర్కం లేకపోలేదు. లెంజ్ చెప్పింది కూడా అదే. ఏదో ఒకటి ఇవ్వకుండా ఏదీ రాదు. మరి నీళ్ళు ఏమి ఇచ్చాయి?

బోర్డు మీద లెక్క వేశాము. ఒక టన్ను నీరు 80 మీటర్ల ఎత్తు నుంచి దిగితే 7 లక్షల 84 వేల జౌళ్ళ పని చేయగలదు. ఒక యూనిట్ కరెంటు అంటే 36 లక్షల జౌళ్ళు. నష్టాలు కూడా కలుపుకుంటే ఒక యూనిట్‌కు సుమారు ఐదు టన్నుల నీళ్ళు కావాలి. పదిహేను లీటర్ల బిందెలతో మూడు వందల ముప్పైకి పైగా బిందెలు. వంద వాట్ల బల్బు పది గంటలు వెలగడానికి అన్ని బిందెలు కొండ దిగాలి. 110 మెగావాట్ల యంత్రం ఒకటి పూర్తిగా తిరగాలంటే సెకనుకు సుమారు 150 టన్నుల నీరు. ఆ నీరు యంత్రం నుంచి బయటికి వచ్చేటప్పుడు దాని రుచి మారలేదు, ఒండ్రు మారలేదు, చుక్క తగ్గలేదు. తగ్గింది ఒక్కటే, ఎత్తు. నీళ్ళు పోగొట్టుకున్నది ఎత్తు మాత్రమే, సారం ఎక్కడికీ పోలేదు, ఆ నీళ్ళతో పైరు నిక్షేపంగా పండుతుంది అని చెప్పాను.

ఆ పిల్లవాడు కూర్చోలేదు. “పడిపోయిన నీళ్ళు మళ్ళా మా చేన్లకు ఎక్కుతాయా సార్?” అన్నాడు.

భౌతికశాస్త్రంలో అంత సూటి ప్రశ్న ఇంకొకటి నేను వినలేదు. రాయలసీమ మిట్టనేల. కాలువలో నీరు దానంతట అది పారాలంటే పైన ఉండాలి. దిగువన నాగార్జునసాగర్ నిండు మట్టం 590 అడుగులు. శ్రీశైలంలో 885 అడుగుల దగ్గర ఉన్న నీరు యంత్రం గుండా దిగితే దాదాపు 300 అడుగులు పడిపోతుంది. అది దిగువ ఆయకట్టుకు పనికివస్తుంది. కర్నూలు, కడప పొలాలకు ఎక్కదు. ఎక్కించాలంటే మళ్ళీ కరెంటు ఖర్చు పెట్టి తోడాలి. కరెంటుకు కావలసిందీ ఎత్తే, మన కాలువలకు కావలసిందీ ఎత్తే.

ఆ తరువాత ఈ ప్రాంతంలో నడిచిన నీటి తగాదా అంతా ఆ పిల్లవాడి ప్రశ్నకు వ్యాఖ్యానమే. పోతిరెడ్డిపాడు తూముల గుండా తెలుగుగంగ, శ్రీశైలం కుడికాలువ, గాలేరు–నగరి పథకాలకు నీరు వెళ్తుంది. జలాశయం మట్టం తగ్గితే ఆ తూములకు నీరు అందదు. జలాశయంలో ఉంచవలసిన కనీస మట్టాన్ని 1996లో ప్రభుత్వం 834 అడుగులుగా నిర్ణయించింది. 2004లో 854 అడుగులకు పెంచింది. ఇరవై అడుగుల తేడా. పత్రికల్లో అది ఉత్తర్వుల సంఖ్యగా కనిపిస్తుంది. పొలంలో నిలబడి చూస్తే అది పైరు. 2014లో రాష్ట్రం విడిపోయిన తరువాత కుడిగట్టు కేంద్రం ఆంధ్రప్రదేశ్‌కు, ఎడమగట్టు కేంద్రం తెలంగాణకు వచ్చాయి. ఎవరు ఎప్పుడు ఎంత మట్టం దాకా యంత్రాలు తిప్పాలన్న వాదం రెండు రాష్ట్రాల మధ్య వాదమయింది. ఎవరిది న్యాయమో తీర్పు చెప్పడం ఈ వ్యాసం పని కాదు. ఒక్క మాట మాత్రం సైన్సు మాస్టారుగా చెప్పగలను. వాదించేవారందరూ నీళ్ళ గురించి వాదిస్తున్నామనుకుంటారు. నిజానికి వారు పంచుకుంటున్నది ఎత్తును.

పోనీ నీళ్ళయినా అన్నీ నిలిచాయా అంటే అదీ లేదు. కట్టిన కొత్తలో 308 టీఎంసీలు పట్టిన జలాశయం, పూడిక వల్ల తరువాతి సర్వేలో 215 టీఎంసీల చిల్లరకు తగ్గింది. దానికి విరుగుడు అయస్కాంతంలో లేదు, ఎగువ కొండల మీద చెట్లలో ఉంది.

వెలుగు వెనక

ఆ ఎత్తు కోసం ఎవరేమి ఇచ్చారో మన పత్రికలో ఒకసారి తలచుకోవడం ధర్మం. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద దాకా ఊళ్ళు మునిగాయి. 1981లో జనాన్ని ఖాళీ చేయించారు. ఏడు నదులు కలుస్తాయని పేరుపడిన సంగమేశ్వరం ఏటా నెలల తరబడి నీటి అడుగున ఉండి, మట్టం తగ్గిన వేసవిలో బయటపడుతుంది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఆలంపురంలో తిరిగి కట్టారు. గుడిని విప్పి కట్టవచ్చు. ఊరిని విప్పి కట్టడం కుదరలేదు. నా తరగతిలో ఆ ప్రశ్న అడిగినవాడు అటువంటి ఊరి బిడ్డ.

2009 అక్టోబరు మొదట్లో 25 లక్షల క్యూసెక్కులకు మించిన వరద వచ్చింది. ఆనకట్ట రూపకల్పనలో లెక్క కట్టినదానికంటె అది చాలా ఎక్కువ. కర్నూలు పట్టణం మునిగింది. ఆనకట్ట నిలిచింది. దాన్ని కట్టిన కూలీలు, మేస్త్రీలు, ఇంజనీర్లు చేసిన పనికి అంతకు మించిన పరీక్ష లేదు. 2020 ఆగస్టు 20 రాత్రి ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో మంటలు లేచి తొమ్మిది మంది ప్రాణాలు కోల్పోయారు. మనం మీట నొక్కితే దీపం వెలుగుతుంది. ఆ మీటకు అవతల మనుషులున్నారు.

మనుమలతో

ఈ ప్రయోగం ఇప్పుడు మరీ సులువు. మన వంటింట్లో ఇండక్షన్ పొయ్యి అంటున్నామే, ఆ ఇండక్షన్ ఈ ప్రేరణే. గాజు పలక కింద తీగచుట్ట ఉంటుంది. అందులో కరెంటు సెకనుకు ఇరవై వేల సార్లకు పైగా ఊగుతుంది. పైన పెట్టిన ఇనుప గిన్నె అడుగులో కరెంటు పుట్టి గిన్నె వేడెక్కుతుంది. మామూలు అల్యూమినియం గిన్నె పెడితే పొయ్యి ఒప్పుకోదు. సూదంటురాయి అంటుకొనే గిన్నె అయితేనే పనికివస్తుంది. కొత్త గిన్నె కొనేముందు చిన్న అయస్కాంతం జేబులో వేసుకొని వెళ్ళండి.

గాల్వనోమీటరు లేకపోయినా ఫరవాలేదు. సన్నటి పూత తీగతో వెయ్యికి పైగా చుట్లు చుట్టి, దానికి రెండు చిన్న ఎల్ఈడీ దీపాలను ఒకదానికొకటి ఎదురు దిక్కుల్లో కలపండి. ఈ రోజుల్లో దొరికే బలమైన నియోడిమియం అయస్కాంతాన్ని గొట్టంలో వేగంగా ఆడించండి. లోపలికి పోయేటప్పుడు ఒక దీపం, బయటికి వచ్చేటప్పుడు రెండోది మినుక్కుమంటాయి. చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ అయస్కాంతాలను మాత్రం భద్రంగా దాచాలి. మింగితే ప్రమాదం. అయస్కాంతం లోపలే ఆపి, దీపం ఎందుకు ఆరిందని పిల్లలను అడగండి. జవాబు మీరు చెప్పకండి. వాళ్ళే చెప్పేదాకా ఆగండి. ఫారడే అంతటివాడికి పదేళ్ళు పట్టింది, మన పిల్లలకు పది నిమిషాలు ఇవ్వవచ్చు.

చివరగా ఒక మనవి. మన సభ్యుల్లో శ్రీశైలం ప్రాజెక్టులో పనిచేసినవారు, యంత్రాలు బిగించినవారు, కాలనీ బళ్ళలో చదువు చెప్పినవారు, ముంపు ఊళ్ళ నుంచి లేచి వచ్చినవారు ఉన్నారు. ఆనకట్ట పొడవు, ఎత్తు, మెగావాట్లు సర్కారు పుస్తకాల్లో ఉంటాయి. మునిగిన ఊళ్ళో బావి ఎక్కడ ఉండేదో, మొదటి యంత్రం తిరిగిన రోజున కాలనీలో ఏమనుకున్నారో మీకే తెలుసు. తోచిన నాలుగు మాటలు కాగితం మీద పెట్టి సంఘం కార్యాలయానికి పంపండి. వ్రాయడానికి చేయి సహకరించనివారు మనుమలకు చెప్పి వ్రాయించండి. వాళ్ళకూ ఆ సంగతులు తెలుస్తాయి.